ఆగిన చదువు, ఆన్‌లైన్ డిగ్రీ: విశాఖ పాఠకుల సందేహాలు

ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లు చక్కబెట్టుకుంటూనో, ఎప్పుడో ఆగిపోయిన చదువును ఆన్‌లైన్‌లో కొనసాగించాలనుకునేవారు రాసిన ఉత్తరాలు ఈ నెల చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం విశాఖపట్నం నుంచి, దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవే. ఇరవై ఏళ్లకు పైగా ఆదివారాలు దూరవిద్య విద్యార్థులకు కాంటాక్ట్ క్లాసులు చెప్పినవాణ్ణి కాబట్టి, ఆ ఉత్తరాలు చదువుతుంటే నాకు ఎదురుగా బెంచీల మీద కూర్చున్న మనుషులే గుర్తొచ్చారు. అన్నిటికీ జవాబు రాసేందుకు చోటు చాలదు కనుక ఒకే రకమైన సందేహాలను కలిపి, పేర్లు తీసేసి, ఐదింటికి సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. నా వయసు ముప్పై ఎనిమిది. మేము కూర్మన్నపాలెంలో ఉంటాము. 2004లో ఇంటర్ సీఈసీ పాసయ్యాను, ఆ ఏడాదే పెళ్లయింది. మావారు స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. పాప పదో తరగతి, బాబు ఏడో తరగతి. ఆన్‌లైన్‌లో బీకాం చేయాలని ఉంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి ఏడాదిలోనే డిగ్రీ ఇప్పిస్తామని, పరీక్షలు కూడా తమ ఆఫీసులోనే రాసుకోవచ్చని చెబుతున్నారు. మా అత్తగారేమో ఈ వయసులో నీకు చదువెందుకమ్మా అంటున్నారు. ఆన్‌లైన్ డిగ్రీకి విలువ ఉంటుందా? ఇన్ని పనుల మధ్య నేను చదవగలనా?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ సంగతి తేల్చుకుందాం. మూడేళ్ల డిగ్రీని ఏడాదిలో చేతిలో పెట్టే అధికారం ఈ దేశంలో ఏ విశ్వవిద్యాలయానికీ లేదు. కాలేజీకి వెళ్లి చదివినా, దూరవిద్యలో చదివినా, ఆన్‌లైన్‌లో చదివినా అది ఏడాదిలో అయ్యే పని కాదు. ఇక పరీక్ష తమ ఆఫీసులో రాయించే మాట. కోర్సును బయటి ఏజెన్సీలకు అప్పగించి నడిపించడానికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు ఒప్పుకోవు. పరీక్ష అయితే విశ్వవిద్యాలయం ప్రకటించిన కేంద్రంలో జరగాలి, లేదా కెమెరా పర్యవేక్షణలో విశ్వవిద్యాలయమే జరపాలి. కాబట్టి వారికి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. నా దగ్గర ఆదివారం తరగతులకు వచ్చిన ఒక యువకుడు అంతకుముందే ఒక మధ్యవర్తి మాట నమ్మి, వేరే రాష్ట్రంలోని ఒక సంస్థ పేరుమీద డిగ్రీ తెచ్చుకున్నాడు. ఉద్యోగం వచ్చింది, ధ్రువపత్రాల పరిశీలన రోజున పోయింది. మళ్లీ మొదటి సంవత్సరం పుస్తకాలు పట్టుకుని నా ఎదుట కూర్చున్నప్పుడు అతనికి పోయిన డబ్బు గురించి అంత బాధ లేదు, పోయిన నాలుగేళ్ల గురించే బాధ. ఆ ముఖం నేను మరచిపోలేదు. అందుకే ఈ విషయంలో ఇంత కటువుగా రాస్తున్నాను.

విలువ గురించి అడిగారు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు యూజీసీ 2020 సెప్టెంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం, అనుమతి ఉన్న కోర్సును ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ నడిపి ఇచ్చే డిగ్రీ, కాలేజీకి వెళ్లి సంపాదించిన డిగ్రీతో సమానమే. ఈ మాటను యూజీసీ 2022లో మరోసారి ప్రకటన రూపంలో స్పష్టం చేసింది కూడా. అయితే ఇందులో అనుమతి అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. విశ్వవిద్యాలయానికి పేరుంటే చాలదు. మీరు చేరే కోర్సుకు, మీరు చేరే పద్ధతికి, మీరు చేరే ప్రవేశ విడతకు అనుమతి ఉండాలి. ఒక విశ్వవిద్యాలయానికి దూరవిద్యలో బీకాంకు అనుమతి ఉండి ఆన్‌లైన్ బీకాంకు లేకపోవచ్చు, నిరుడు ఉన్నది ఈ ఏడాది లేకపోవచ్చు. యూజీసీలో ఈ వ్యవహారాలు చూసే దూరవిద్య విభాగం (డెబ్) తన వెబ్‌సైటులో విడతల వారీగా జాబితా పెడుతుంది. అందులో మీ కోర్సు పేరున్న పేజీని ఒక కాగితం మీద అచ్చు తీయించి మీ సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి అది పనికొస్తుంది.

మరొకటి. 2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవారంతా డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. అది మీరు పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాతో ముడిపడి ఉంటుంది. దీన్ని మీ ఫోన్ నంబరుతో మీరే సృష్టించుకోండి. మీ పాప చేయి సాయం చేస్తే చాలు, పావుగంట పని. ఎవరో తమ నంబరుతో మీ పేరుమీద తీస్తామంటే ఒప్పుకోవద్దు. రుసుము కూడా విశ్వవిద్యాలయం సొంత వెబ్‌సైటులోనే కట్టి రసీదు దాచుకోండి. మన రాష్ట్రంలో కాలేజీ విద్యార్థులకు ఉన్న ఫీజు రీయింబర్స్‌మెంటు దూరవిద్యలో చదివేవారికి వర్తించదు. ఆ ఖర్చు ఇంటి లెక్కలో ముందే వేసుకోవాలి.

ఇక ఆన్‌లైనా, దూరవిద్యా అన్నది. ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. దూరవిద్యలో విశ్వవిద్యాలయం అచ్చు పుస్తకాలు పంపుతుంది, అధ్యయన కేంద్రంలో అప్పుడప్పుడు కాంటాక్ట్ క్లాసులు ఉంటాయి, అసైన్‌మెంట్లు రాసి ఇవ్వాలి. ఆన్‌లైన్ కోర్సులో పాఠం వీడియోగా వస్తుంది, చదువుకోవడానికి రాతప్రతి, చర్చావేదిక, స్వీయ పరీక్ష ఉంటాయి. వీటిలో 75 శాతం పాల్గొంటేనే చివరి పరీక్ష రాయనిస్తారు. అంటే ఫీజు కట్టి పరీక్ష ముందు నెలలో పుస్తకం తెరిచే పాత అలవాటు ఇక్కడ చెల్లదు. మీకు నేనిచ్చే సలహా దూరవిద్య బీకాం. ఎందుకంటే ఖాతాలు, జర్నల్ పద్దులు, తుది లెక్కలు చూసి నేర్చుకునేవి కావు, కలం పట్టి వేసి నేర్చుకునేవి. పైగా ఇరవై ఏళ్ల విరామం తర్వాత చదివేవారికి పక్క బెంచీలో తనలాంటి మరో మనిషి కనబడటం ఎంత బలమో నేను ప్రతి ఆదివారం చూశాను. విశాఖపట్నంలో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1972 నుంచి దూరవిద్య విభాగం ఉంది. రెండు చోట్లా ఈ విడతలో బీకాంకు అనుమతి ఉందో లేదో చూసుకుని, స్వయంగా వెళ్లి అడగండి. చేరేముందే ఇగ్నో పుస్తకాలు చదివి చూడాలనిపిస్తే ఈజ్ఞానకోశ్ అనే వారి వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వాణిజ్యశాస్త్రం మొదటి పుస్తకం ఒక వారం చదవండి. మీకు ఆ చదువు నప్పుతుందో లేదో రూపాయి ఖర్చు లేకుండా తెలుస్తుంది.

చదవగలనా అని అడిగారు. దీనికి ధైర్యం చెప్పి ఊరుకోవడం కంటే లెక్క చెప్పడం న్యాయం. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. మూడేళ్ల డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు, అంటే 3600 గంటలు. మూడేళ్లలో పూర్తిచేయాలంటే ఆదివారం, పండగ అని లేకుండా రోజుకు మూడు గంటల పైచిలుకు కూర్చోవాలి. టెన్త్ చదివే పాప, షిఫ్టు మారే భర్త, వయసు మళ్లిన అత్తగారు ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల వరకు గడువు ఉంటుంది. అదే 3600 గంటలను ఆరేళ్లకు పంచితే రోజుకు గంటా నలభై నిమిషాలు. మూడేళ్లలోనే కావాలని పట్టుబట్టి, రెండో ఏడాదిలో అలిసిపోయి మానేసినవారిని నేను ఎక్కువగా చూశాను. మొదటి నుంచే నాలుగున్నర, ఐదేళ్లు పెట్టుకున్నవారు చాలామంది పూర్తిచేశారు. ఒక సెమిస్టరులో అన్ని పేపర్లూ రాయకపోతే తప్పు చేసినట్టు భావించకండి. ఆ గడువు మీలాంటివారి కోసమే ఉంది.

ఆ గంటా నలభై నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న. అవి మీ నిద్రలోంచి రాకూడదు. "మావారు పొద్దుటి షిఫ్టుకు (ఎ షిఫ్టు) వెళ్లే వారంలో తెల్లవారుజామున నాలుగింటికే లేచి క్యారేజీ కట్టాను కదా, ఆ పని అయ్యాక చదువుకుంటాను" అని చెప్పిన సోదరీమణులు నాకు చాలామంది తెలుసు. నాలుగు నెలల్లో వారి ఆరోగ్యం, చదువు రెండూ దెబ్బతిన్నాయి. ఆ సమయాన్ని ఇంట్లో మరొకరు భరించాలి. బీ షిఫ్టు వారంలో మీవారు ఉదయం ఇంట్లోనే ఉంటారు, ఆ వారం పొద్దుటి వంట ఆయన చూడవచ్చు. పాప ఎలాగూ సాయంత్రం చదువుకు కూర్చుంటుంది, అదే బల్లకు రెండో వైపు మీరు కూర్చోండి. ఈ మాట మీవారితో ఫీజు కట్టకముందే మాట్లాడుకోవాలి, కట్టిన తర్వాత కాదు. చదువుకోమని అనుమతించడం వేరు, చదువుకోవడానికి మీ చేతిలోని పనిని తాము అందుకోవడం వేరు. చాలా ఇళ్లలో మొదటిది సులభంగా దొరుకుతుంది. మీరు రెండోది అడగండి.

అత్తగారి మాటకు కోపం తెచ్చుకోకండి. ఆవిడ కాలంలో చదువుకు వయసు హద్దు ఉండేది, ఆ హద్దు ఆవిడ పెట్టినది కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగువారి మధ్యే, హైదరాబాదులో పుట్టిందని, దానికీ ఆ తర్వాత 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇగ్నోకూ తొలి ఉపకులపతిగా పనిచేసినవారు ఆచార్య జి. రాంరెడ్డి అనే తెలుగువారేనని ఆవిడకు చెప్పండి. ఇంటి పనుల్లో చదువు ఆగిపోయిన స్త్రీలను, పొట్టకూటికోసం బడి మానేసినవారిని దృష్టిలో పెట్టుకునే ఆ వ్యవస్థను కట్టారు. మీరు అందులో ఆలస్యంగా వచ్చిన అతిథి కారు.

ప్రశ్న: నేను డిప్లొమా మెకానికల్ చదివి పరవాడ ఫార్మాసిటీలో పనిచేస్తున్నాను. ప్రమోషన్ కావాలంటే బీటెక్ ఉండాలంటున్నారు. ఆన్‌లైన్ బీటెక్ లేదా దూరవిద్య బీటెక్ ఏది మంచిది? మా సూపర్‌వైజరు గారు ఏఎంఐఈ చేయమంటున్నారు.

జవాబు: రెండూ వద్దు బాబూ, ఎందుకంటే రెండూ లేవు. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ డిగ్రీగా ఇవ్వడానికి వీల్లేదు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు ఇచ్చి, 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను నిలిపివేసి, వారు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) పెట్టే పరీక్ష నెగ్గితేనే చెల్లుతాయని, ఆ తర్వాత చేరినవారి డిగ్రీలు రద్దని చెప్పింది. అప్పటికే ప్రమోషన్లు పొంది కుటుంబాలు నడుపుకుంటున్న ఎందరో ఒక్క రోజులో డిప్లొమా వారిగా మిగిలిపోయారు. ఎవరైనా నేడు ఆన్‌లైన్ బీటెక్ అని ప్రకటన ఇస్తే ఆ తీర్పును గుర్తు చేసుకోండి.

మీ సూపర్‌వైజరు గారి సలహా సదుద్దేశంతో ఇచ్చినదే. ఆయన తరంలో ఈ ఊళ్లోని కర్మాగారాల్లో ఏఎంఐఈ, అంటే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ పెట్టే పరీక్షలు, రాసి ఇంజనీర్లయిన కార్మికులు చాలామంది ఉన్నారు, వారి పట్టుదల ముందు నేను చేతులు జోడిస్తాను. కానీ 2013 మే 31లోపు నమోదైనవారికే దానికి డిగ్రీతో సమానమైన గుర్తింపు దక్కింది. ఆ తర్వాత చేరినవారికి లేదు. మీకు మిగిలే నిజమైన దారి కాలేజీలోనే ఉంది. ఉద్యోగం చేస్తున్న డిప్లొమా వారి కోసం సాయంత్రాలు, సెలవు రోజులు వంటి అనువైన వేళల్లో బీటెక్ నడిపేందుకు ఏఐసీటీఈ 2023-24 నుంచి కాలేజీలకు అనుమతులు ఇస్తోంది. మీ పనిచోటుకు దగ్గరలో అలాంటి అనుమతి ఉన్న కాలేజీ ఏదో ఏఐసీటీఈ వెబ్‌సైటులో చూడండి. దానికి ముందు ఒక పని చేయండి. మీ కంపెనీ హెచ్‌ఆర్ విభాగాన్ని అడిగి, ప్రమోషన్‌కు బీటెక్కే కావాలా, ఏదైనా డిగ్రీ చాలా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. ఏదైనా డిగ్రీ చాలని తేలితే మీ ముందున్న దారి పూర్తిగా మారిపోతుంది.

ప్రశ్న: నేను నౌకాదళంలో పదిహేనేళ్లు పనిచేసి విరమణ పొందాను. ప్రస్తుతం మధురవాడలో ఉంటున్నాను. నాకు డిగ్రీతో సమానమని ఇచ్చిన ధ్రువపత్రం ఉంది. దానితో ఆన్‌లైన్ ఎంబీఏ చేయవచ్చా? లేక డేటా సైన్స్ వంటిది నేర్చుకోవడం మేలా? ఇంటర్‌లో లెక్కలు చదివి ఇరవై ఏళ్లయింది.

జవాబు: దేశానికి పదిహేనేళ్లు ఇచ్చినవారికి ఇచ్చే ఆ ధ్రువపత్రం విలువైనదే, కానీ దాని పరిధి వేరు. డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్ సి ప్రభుత్వ ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. ఎంబీఏకు యూజీసీ గుర్తించిన డిగ్రీయే కావాలి. కనుక మీరు డిగ్రీ నుంచే మొదలుపెట్టాలి.

డేటా సైన్స్ మీద నిజంగా ఆసక్తి ఉంటే ఐఐటీ మద్రాసు 2020లో ప్రారంభించిన బీఎస్ కోర్సును చూడండి. దానికి జేఈఈ అక్కర్లేదు, వయసు పరిమితి లేదు. నాలుగు వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, అర్హత పరీక్ష పాసైతే ప్రవేశం దొరుకుతుంది. పాఠాలు ఆన్‌లైన్‌లోనే అయినా పరీక్షలు మాత్రం నిర్ణీత కేంద్రానికి వెళ్లి రాయాలి. నాకు దానిలో బాగా నచ్చినది మధ్యలో ఆగే వీలు. మొదటి దశతో ఆపితే సర్టిఫికెట్, తర్వాతి దశలో డిప్లొమా, ఆ పైన బీఎస్సీ, నాలుగేళ్లూ పూర్తిచేస్తే బీఎస్ పట్టా ఇస్తారు. కుటుంబ ఆదాయాన్ని, సామాజిక వర్గాన్ని బట్టి ఫీజులో రాయితీలు కూడా ఉన్నాయి. అయితే దాన్ని తేలిక కోర్సుగా భావించి చేరవద్దు. మొదటి దశలోనే గణితం, గణాంకశాస్త్రం గట్టిగా ఉంటాయి. ఇరవై ఏళ్ల విరామం తర్వాత చేరేవారు రెండు మూడు నెలల ముందే ఇంటర్ గణితం పుస్తకాలు తిరగేసి, ప్రమేయాలు, మాత్రికలు, సంభావ్యత అధ్యాయాల లెక్కలు చేతితో చేసుకోవాలి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పొద్దున్నే సీటు పట్టుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లలను చూసే ఉంటారు. వారి మధ్య కూర్చోవడానికి సంకోచించకండి.

అసలు ఆ చదువు మీకు సరిపోతుందో లేదో తెలియకపోతే ముందు ‘స్వయం’ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఒక్క కోర్సు చేయండి. కేంద్ర ప్రభుత్వం 2017 జులైలో ప్రారంభించిన ఆ వేదికలో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకుంటే మాత్రం రుసుము కట్టి పరీక్ష రాయాలి, ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులకు అది 1000 రూపాయలు. పన్నెండు వారాల కోర్సును వారం వారం అసైన్‌మెంటు తప్పకుండా ముగించగలిగితే నాలుగేళ్ల డిగ్రీ మోయగల ఓపిక మీకుందని నేను పూచీ ఇస్తాను.

ప్రశ్న: అయ్యా, మాది పాడేరు దగ్గర ఊరు. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తున్నాను. పదో తరగతి తప్పాను. ఇంటర్ లేకుండా నేరుగా డిగ్రీలో చేరవచ్చని ఒకరు చెప్పారు, నిజమేనా? మా ఊళ్లో ఫోన్ సిగ్నల్ సరిగా రాదు. నాలాంటిదానికి ఆన్‌లైన్ చదువు కుదురుతుందా?

జవాబు: తల్లీ, మీ ఉత్తరం నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. ఒకప్పుడు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అర్హత పరీక్ష రాసి, పదో తరగతి లేకపోయినా డిగ్రీలో చేరే వీలుండేది. ఆ దారిలో చదివి పైకొచ్చినవారు ఉన్నారు. అయితే అలా చదివినవారిలో కొందరు తర్వాత ఉద్యోగాల దగ్గర పది, ఇంటర్ సర్టిఫికెట్లు విడిగా అడిగినప్పుడు ఇబ్బంది పడ్డారు. ఇవాళ నేను ఎవరికీ ఆ దారి చూపించను. మీకైతే అసలే చూపించను, ఎందుకంటే అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు అడిగేదే పదో తరగతి. మీకు దగ్గరలో ఉన్న మొదటి మెట్టు అది.

ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే మనం ఓపెన్ స్కూల్ అని పిలిచేది, 1991 నుంచి ఉంది. పదో తరగతి, ఇంటర్ రెండూ అక్కడ తెలుగు మాధ్యమంలో చదువుకోవచ్చు. పై వయసు పరిమితి లేదు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు, తప్పినవి మాత్రమే తర్వాతి విడతలో రాసుకోవచ్చు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే వారి అధ్యయన కేంద్రాలు నడుస్తాయి కాబట్టి పాడేరులో హైస్కూలు ప్రధానోపాధ్యాయులను కలిసి అడగండి. పది, ఆ తర్వాత ఇంటర్, ఆ తర్వాత డిగ్రీ అంటే ఏడెనిమిదేళ్ల నడక. కానీ దారిలో ప్రతి మజిలీ దగ్గరా మీ చేతికి ఒక పనికొచ్చే కాగితం వస్తుంది.

సిగ్నల్ విషయం. మీ ఊరికి పూర్తి ఆన్‌లైన్ కోర్సు వద్దనే చెబుతాను. కొండ మీద నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకుంటే తప్ప గీతలు రాని చోట, ఆన్‌లైన్ పాఠాల్లో 75 శాతం పాల్గొనమనడం ఎవరికీ సాధ్యం కాదు. ఆన్‌లైన్ చదువు అందరికీ అందిందని పట్నాల్లో మాట్లాడేవారు ముందు ఈ కొండల మీదికి వచ్చి చూడాలని నా మనవి. మీకు అచ్చు పుస్తకాలే ఆధారం. డిగ్రీ వరకు వచ్చినప్పుడు ఇగ్నోలో దరఖాస్తు నింపుతుంటే పుస్తకాలు అచ్చులో కావాలా, డిజిటల్‌గా కావాలా అని అడుగుతారు. డిజిటల్‌కు ఫీజులో కొంత రాయితీ ఉంటుంది గాని ఆ రాయితీకి ఆశపడకండి, అచ్చు పుస్తకాలే ఎంచుకోండి. ఏదైనా వీడియో పాఠం కావాలంటే సంతకు పాడేరు దిగిన రోజున, సిగ్నల్ ఉన్న చోట ఫోన్‌లోకి దించుకుని వారమంతా చూసుకోవచ్చు. నా దగ్గర చదివిన ఒకామె అలా సంతరోజున కూరగాయల సంచితో పాటు నాలుగు పాఠాలు కూడా ఇంటికి తీసుకెళ్లేది. గణితం తప్ప అన్నీ మొదటిసారే పాసయింది, గణితం రెండోసారికి పాసయింది.

ప్రశ్న: పెందుర్తి నుంచి రాస్తున్నాను. తొమ్మిదేళ్ల క్రితం ఇగ్నోలో బీఏలో చేరాను. రెండేళ్లు చదివాను. ఇంగ్లిషు పేపరు రెండుసార్లు పోయింది. మా నాన్నగారి జబ్బు, ఆసుపత్రుల చుట్టూ తిరగడంతో ఆపేశాను. ఇప్పుడు మళ్లీ చేరితే మొదటి నుంచి మొదలుపెట్టాలా? మా చెల్లెలు సైకాలజీ చేయమంటోంది, ఆన్‌లైన్‌లో ఎక్కడైనా ఉందా? రెండుసార్లు తప్పినదాన్ని అని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

జవాబు: ముందు సైకాలజీ మాట చెప్పి పక్కన పెడతాను. ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే సైకాలజీ వంటి కోర్సుల్లో దూరవిద్య, ఆన్‌లైన్ ప్రవేశాలను 2025 జులై-ఆగస్టు విడత నుంచి ఆపాలని యూజీసీ ఆదేశించింది. కనుక ఎవరైనా కొత్తగా చేర్చుకుంటామంటే నమ్మవద్దు.

మీరు మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేకపోవచ్చు. బీఏకు గరిష్ఠంగా ఆరేళ్ల గడువు, అది మీకు దాటిపోయింది. అయితే గడువు దాటినవారికి, మిగిలిన పేపర్లకు మాత్రం దామాషాలో ఫీజు కట్టించుకుని మళ్లీ చేర్చుకునే పద్ధతి ఇగ్నోలో ఉంది, దాన్ని రీ-అడ్మిషన్ అంటారు. మీ పాత ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో వెబ్‌సైటులో గ్రేడ్ కార్డు తీసి చూడండి. ఏ పేపర్లు పాసయ్యారో, ఏ అసైన్‌మెంట్ల మార్కులు నమోదయ్యాయో అందులో ఉంటుంది. అసైన్‌మెంటు ఇచ్చినా మార్కులు నమోదు కాని సందర్భాలు నేను చాలా చూశాను, మీ దగ్గర అప్పటి రసీదు ఉంటే వెతికి తీయండి. ఆ గ్రేడ్ కార్డు పట్టుకుని ఇగ్నో ప్రాంతీయ కేంద్రానికి స్వయంగా వెళ్లండి. సిలబస్ మారి ఉంటే పాత పేపర్లకు బదులు ఏవి రాయాలో వారే చెబుతారు. ఈ పని ఫోన్‌లో తేలదు, ఒక పూట సెలవు పెట్టుకుని వెళ్లాలి.

ఇంగ్లిషు పేపరు గురించి. మీరొక్కరే కాదు, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన నా విద్యార్థుల్లో సగానికి సగం మంది మొదటిసారి తప్పినది ఆ పేపరే. ఎందుకు తప్పుతారో కూడా నాకు తెలుసు. పాఠం అర్థమవుతుంది, జవాబు తెలుసు, రాయబోయేసరికి వాక్యం కుదరదు, ఆ భయంతో గైడులోని జవాబు కంఠస్థం చేస్తారు, ప్రశ్న కొంచెం మార్చి అడగగానే కలం ఆగిపోతుంది. కంఠస్థం మానేయండి. రోజుకు ఒక్క పేరా, పది వాక్యాలకు మించకుండా, ఆ రోజు జరిగినదేదైనా మీ సొంత మాటల్లో ఇంగ్లిషులో రాయండి. తప్పులున్నా ఫరవాలేదు. వారానికి ఒకసారి తెలిసినవారికి చూపించి దిద్దించుకోండి. పాత ప్రశ్నపత్రాలు ఇగ్నో వెబ్‌సైటులోనే దొరుకుతాయి, చివరి నెలలో గడియారం పెట్టుకుని నాలుగైదు పూర్తిగా రాయండి. నాన్నగారిని ఆసుపత్రిలో చూసుకుంటూ రెండేళ్ల పేపర్లు రాసినవారు మీరు. అందులో సిగ్గుపడవలసినది నాకు ఏమీ కనబడలేదు.

ఇగ్నోలో ప్రవేశాలు జనవరి, జులై విడతల్లో, పరీక్షలు జూన్, డిసెంబరు నెలల్లో జరుగుతాయి. పరీక్ష ఫారం గడువు దానికి చాలా ముందే ముగుస్తుంది. రీ-అడ్మిషన్ మంజూరయ్యాక ఇంగ్లిషు పేపరు ఒక్కటే మొదటి విడతకు పెట్టుకోండి, మిగిలినవి ఆ తర్వాత చూద్దాం. గ్రేడ్ కార్డు తీసిన రోజున దాని నకలు ఈ శీర్షికకు పంపితే, ఏ పేపరు తర్వాత ఏది రాయాలో కలిసి చూసి చెబుతాను.